ఫోటోకి దొరకని మొట్టికాయ

"అవ్వా, గుడి ఫోటో పంపిస్తే మా అమ్మోళ్ళు ఫోన్ చేసినారు. ఇంతెత్తు గుడికి అంత చిన్న వాకిలేంది, మేస్త్రి లెక్క తప్పినాడా అని అడుగుతుండారు. నువ్వే చెప్పు, రికార్డు చేసి పంపిస్తా."

చెప్తా, చెప్తా. ఆ ఫోను యాడ పెట్టినావు? ఇంకొంచెం దగ్గరికి జరుపు, నా గొంతు పడాల. కురిచేడోళ్ళూ, ఇంటుండారా? నేను మీ అమ్మాయి మొగుడికి జేజిని, వాళ్ళ నాయన తల్లి చెన్నమ్మను. పెళ్ళిలో గొంగడి కప్పుకోని ముందు వరసలో కూసున్న ముసలిదాన్ని, గుర్తుండాలే.

మేస్త్రి లెక్క తప్పలేదు. అంటే తప్పినాడు, తప్పినాడు గాని ఆ వాకిలి కాడ కాదు. ఆ గుడి మొత్తానికి సరిగ్గా ఉండేది ఆ వాకిలి ఒక్కటే. తక్కినదంతా ఈ పిల్ల ఫోటో చేసిన పని. నవ్వమాక అమ్మాయ్, నిన్ను తిట్టడం లేదు. మొదటి నుంచి చెప్పనీ నన్ను.

మా పాతూరు ప్రాజెక్టు నీళ్ళ కింద పోతాదని మమ్మల్నందరినీ లేపి ఈ కాలనీకి తెచ్చినారు గదా. మనుషులం వచ్చినాం, గొర్రెలొచ్చినాయి, కోళ్ళు గూడా ట్రాక్టరెక్కి వచ్చినాయి. అంకాలమ్మను గూడా తెచ్చుకున్నాం, తెచ్చి రేకుల కింద పెట్టినాం. ఆమెకు గుడి కట్టాల. ఎట్ల కట్టాల అంటే అందరిదీ ఒకటే మాట, పాతూర్లో ఎట్లుండిందో అట్లే కట్టాల అని. అట్లే అంటే ఎట్ల? అదీ తగాదా.

పాతూర్లో అంకాలమ్మ గుడి ఎట్లుండేదో మీకు చెప్పాల. రాతి గుడి, చిన్నది. వాకిలి ఇంకా చిన్నది. వాకిలి పైన అడ్డంగా ఒక నల్లరాయి పెట్టినారు ఎప్పుడో, మా మామోళ్ళ నాయన కాలంలోనో అంతకు ముందో. తల వంచకుండా లోపలికి పోతే ఆ అడ్డరాయి నెత్తికి తగలతాది. పసుపు, ఆముదం, మనుషుల నెత్తి నూనె అన్నీ పట్టి ఆ రాయి మధ్యలో నున్నగా అయిపోయింది. మా ఊర్లో పద్ధతి ఏందంటే, కొత్త కోడలొస్తే ముందు అంకాలమ్మ కాడికే పిలుచుకోని పోతారు. రాయి ఉందని మాత్రం ఒక్కరూ చెప్పరు. చెప్పకూడదు. ఆ పిల్ల నెత్తికి ఠంగుమని తగలాల, అప్పుడు ఆడోళ్ళందరూ నవ్వాల, అమ్మ మొట్టింది, ఇంక ఈమె మనూరి పిల్లే అనాల. అంతే. ఆ మొట్టికాయ పడినాకనే ఇంట్లో అన్నం పెట్టేది.

నన్నూ మొట్టింది. మాది త్రిపురాంతకం దిక్కు, పెళ్ళయి బండి దిగినా, నెత్తిన ముసుగు, ఏమీ కనపడక తగిలించుకున్నా. కండ్లలో నీళ్ళు తిరిగినాయి. మా అత్త నవ్వుతా నవ్వుతా నెత్తి రుద్దింది. అప్పటిదాకా ఆమెను చూస్తే నాకు గుండె దడ. ఆ రుద్దుడుతోనే దడ పోయింది. యాభై ఏండ్లయినా, పైనే అయినా, ఆ చెయ్యి నాకింకా గుర్తుంది.

మీ అమ్మాయికీ పడింది. చెప్పలేదా మీకు? పాతూర్లో మొట్టించుకున్న ఆఖరి కోడలు ఈమె. అప్పటికి సగం ఇండ్లు పడగొట్టేసినారు. ఈమె గుడి చూసి, అవ్వా ఎంత బాగుందో అని ఫోను తీసింది. నేను వాకిలి పక్కన నిలబడుండా. కొత్త చీర గూడా చూసుకోకుండా మోకాళ్ళ మీద కూసోని, ఫోను భూమికి ఆనించి, అవ్వా, కొంచెం పక్కకి జరుగు, అడ్డమొస్తుండావు అనింది. నేను జరిగినా. మనిషన్నోళ్ళు లేకుండా గుడి ఒక్కటే వచ్చింది, వెనక ఆకాశం. తీసినాక ఆ సంతోషంలో తల వంచకుండా లోపలికి పోయింది, ఠంగుమనింది. బొప్పి కట్టింది. వెన్న రాసింది నేనే.

ఆ ఫోటో చూడాల మీరు, ఎంత బాగుందో. కింద నుంచి పైకి తీసింది గదా, గుడి పెద్ద దేవస్థానం లెక్క లేచింది. మా మరిది గాలెయ్య, ఆయనే కాలనీలో పెద్ద, దాన్ని మార్కాపురంలో పెద్దగా కడిగించి అద్దం కట్టించినాడు. కడిగించేది ఇప్పుడు లేదంటలే, ఏదో మిషన్లో వస్తాదంట. రేకుల షెడ్డులో తగిలించినాడు. వచ్చేటోళ్ళు పోయేటోళ్ళు దానికే దండం పెట్టేది.

ఫోటోలంటే గుర్తొచ్చింది. మీ తాత, అదే, మా ఆయన, పెళ్ళయిన కొత్తలో నన్ను మార్కాపురం పిలుచుకోని పోయి స్టూడియోలో ఫోటో తీపించినాడు. అప్పట్లో ఆ ఖర్చుకి వారానికి సరిపడా జొన్నలొచ్చేటివి, మా అత్త ఎంత గొణిగిందో. వెనక తెర మీద మేడ, మేడకి మెట్లు, మెట్ల పక్కన పూలకుండీలు బొమ్మేసినారు. ఈయన దొరబాబు లెక్క కాలెత్తి మెట్టు మీద పెట్టబోయినాడు. తెర చినిగింది. చినిగింది గాని ఫోటోలో కనపడలేదు. మా పుట్టింటోళ్ళు ఆ ఫోటో చూసి, చెన్నమ్మ మొగుడు మేడ కట్టినాడంట అని బయల్దేరి వచ్చినారు. వచ్చి చూస్తే బోదగడ్డి కప్పిన కొట్టం. మా అమ్మ కొట్టం చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది, మేడ వెనకాలేమన్నా ఉందేమో అని. యాడికో పోయినా, ఏం చెప్తుండా నేను? ఆఁ, గుడి.

గిద్దలూరు నుంచి కాశయ్య మేస్త్రిని పిలిపించినారు. మంచోడు, చేతిపని శుద్ధంగా ఉంటాది. ఆయన మా పాతూరు చూడలేదు. ఫోటో చేతికిచ్చి, ఇట్ల కట్టు అన్నారు. ఆయన అట్లే కట్టినాడు. అక్కడే అంతా అయిపోయింది. ఫోటోలో మనిషి లేడు, మేక లేదు, కోడి లేదు. ఎంతెత్తో ఎట్ల తెలుస్తాది ఆయనకి? పక్కన నేనుంటే తెలిసేది. వాకిలి నిలువెత్తు కంటే ఎక్కువే పెట్టేసినాడు.

ఒకరోజు పొద్దున గొర్రెలకి నీళ్ళు పెట్టి అట్ల పోయినా చూద్దామని. చూస్తే గోడలు లోపలికి వాలినాయి. రెండూ వాలినాయి, పైకి పోయే కొద్దీ దగ్గరికొస్తుండాయి. నాకు కండ్లు తిరిగినాయి. కాశయ్యా, గోడలు పడిపోతుండాయి, దిగు అని అరిచినా. ఆయన పైనుంచి తాపీగా, పడవు పెద్దమ్మా, మీ గుడి కట్టుబడే ఇట్ల గదా, ఫోటోలో అట్లే ఉంది అన్నాడు. ఫోటో తెప్పించి చూస్తే నిజంగానే అట్లే ఉంది. పాత గుడి గోడలు నిక్కచ్చిగా నిలువు నాయనా, ఈ పిల్ల కింద కూసోని తీసినందుకు అట్ల వాలినట్టు వచ్చినాయి అని చెప్పినా. ఆయనకి ఏడుపొక్కటే తక్కువ. వాలుగోడ లేపేదానికి ఎంత తంటాలు పడినాడో పాపం.

సరే, గోడలు వాలితే వాలినాయి, ఆ వాకిలన్నా కిందికి దించు, నా కనుబొమల కాడికే ఉండేది అని నిలబడి చూపించినా. ఆయన నన్ను కింద నుంచి పైదాకా చూసి, పెద్దమ్మా, వయసొస్తే మనిషి కుంగుతాడు, నీ కొలత ఎట్ల నమ్మేది అన్నాడు. నాకు కోపమొచ్చింది గాని, అదీ నిజమే గదా.

గాలెయ్యను అడిగినా. వదినా, నీకు మతిమరుపు వచ్చింది, ఆ వాకిట్లో నెత్తిన కుండ పెట్టుకోని ఆడోళ్ళు నిటారుగా పోయేటోళ్ళు అన్నాడు. కుండ దించి, చంకన పెట్టుకోని, వంగి పోయేటోళ్ళం అయ్యా అంటే ఇనడు. పక్కింటోళ్ళను అడిగితే వాళ్ళూ అంతే. ఆఖరికి మీ అమ్మాయిని అడిగినా. నీకు బొప్పి కట్టింది గదా, నువ్వు చెప్పు అంటే, ఈమె ఆ ఫోటో వంక చూసి, ఏమో అవ్వా, నేనేమన్నా ఎగిరి దుంకినానేమో అనింది. ఇంటుండారా? తీసింది ఈమె, తగిలించుకున్నది ఈమె. దినామూ ఆ ఫోటోకే దండం పెట్టి పెట్టి, అందరికీ అదే గుడి అయి కూసుంది. నాకు భయం పట్టుకుంది. వాకిలి ఇంతెత్తు పెడితే ఎవరికీ తగలదు. తగలకుంటే రేపు ఈ కాలనీకి కోడలై వచ్చే పిల్ల అట్ల పోయి ఇట్ల వస్తాది, అంతే. ఆమె నెత్తి ఎవరు రుద్దుతారు? ఇంత దూరం వచ్చి, మనది అనేదాంట్లో అదొక్కటన్నా మిగలొద్దా?

వానలు పడితే నీళ్ళొస్తాయని అప్పటికే చెప్తుండారు. ఇప్పుడు పోకుంటే ఇంక చూసేదానికి ఉండదు. ఆటో మాట్లాడి గాలెయ్యను, కాశయ్యను ఎక్కించినా, ఈమెనూ ఎక్కించినా. దారి పొడుగునా గాలెయ్య నన్ను ఎగతాళి చేస్తానే ఉన్నాడు.

పోయి దిగినాం. ఇండ్లన్నీ పడగొట్టేసినారు, వేపచెట్టు కొట్టేసినారు, బయలంతా చదును. ఆ నడుమ గుడి ఒక్కటే ఉంది. ఇంతుంది. గొర్రెపిల్లల మీద బోర్లించే గంప లెక్క ఉంది. నేను చిన్నది చిన్నది అని వీళ్ళతో కొట్లాడినానా, నేననుకున్న దానికంటే చిన్నదిగా ఉంది అది. రాళ్ళు అవే, ఎత్తు అదే. పక్కన ఇండ్లు, చెట్టు నీడ, జనం, అవన్నీ ఉన్నప్పుడు అది పెద్దది. అవి పోయేసరికి ఇట్ల అయిపోయింది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చినా.

గాలెయ్య మాత్రం, చూసినావా వదినా, దూరం నుంచి అట్లుంటాది, దగ్గరికి పోతే పెద్దదే అనుకుంటా చేతులు వెనక కట్టుకోని, తల నిటారుగా పెట్టుకోని, గబగబా లోపలికి పోయినాడు. పుట్టినప్పటి నుంచీ ఆ వాకిట్లో వంగి పోయిన మనిషి. ఠంగుమనింది. ఆ బయల్లో ఎంత దూరం ఇనపడిందో. నెత్తి పట్టుకోని గడప మీద కూలబడినాడు. నేను ఉరికిపోయి నెత్తి రుద్దినా. నవ్వుతుండాడో ఏడుస్తుండాడో తెలీలేదు. వదినా, అమ్మ మొట్టింది అన్నాడు చిన్నపిల్లోడి మాదిరి. ఈమెకు అప్పుడు గుర్తొచ్చింది, తన నెత్తి తడుముకుంటా నిలబడింది.

కాశయ్య టేపు తీసినాడు, వాకిలి కొలిచినాడు, మళ్ళీ చుట్టి జేబులో పెట్టుకున్నాడు. గాలెయ్యా, గుడి ఎత్తు మీ ఇష్టం, రోడ్డు మీదికి కనపడనీ, ఆ రాయి మాత్రం తెస్తే ఇదే ఎత్తులో నేను నిలబెడతా అన్నాడు. గాలెయ్య నెత్తి రుద్దుకుంటానే సరే అన్నాడు.

కొబ్బరికాయ కొట్టి, అమ్మను అడిగి, రాయి దించినాం. ట్రాక్టర్లో గడ్డేసి, గొంగడి పరిచి, దాని మీద పెట్టి తెచ్చినాం. మొన్న నిలబెట్టినారు. బయట నుంచి చూసేటోళ్ళకి ఫోటోలో ఉన్న గుడి, వాలుగోడలతో సహా. లోపలికి పోయేటోళ్ళకి మా పాతూరి గుడి. ఇదీ కురిచేడోళ్ళూ, వాకిలి ముచ్చట. మీరొచ్చినప్పుడు ఆ వాకిట్లో... వద్దులే, చెప్పకూడదు. అయ్యో, అంతా చెప్పేసినా గదా. అమ్మాయ్, ఆ రాయి మాటంతా తీసేసి పంపు, తీసేయొచ్చు గదా దీంట్లో?

ఇంక ఆపు. ఆపి ఇట్ల రా, నా చెయ్యి పట్టుకో. వెలుగుండంగానే ఇంకో ఫోటో తియ్యి. కింద కూసోవద్దు, నిలబడి తియ్యి. ఈసారి నన్ను జరగమనమాక, నేను ఆ వాకిలి పక్కనే ఉంటా. నేనెంత ఉంటానో ఊరందరికీ తెలుసు. ఇంకా కుంగిపోకముందే తియ్యి. నీకు కోడలొచ్చేనాటికి నేనుండను, అప్పుడు ఎవరన్నా వాకిలి ఎత్తు మీద తగాదా పడితే, ఇదిగో, మా అవ్వంత అని చూపించు. ఆ పిల్ల నెత్తి నువ్వే రుద్దాల. చల్లగా ఉండు తల్లీ. తీసినావా? నేను, వాకిలి ఇద్దరం పడినామా?