వాన కంటే ముందెళ్లిన మా అన్నయ్య

గురజాల బస్టాండు ఎదురుగా మాది టీ కొట్టు. మా అబ్బాయి ప్రవీణ్‌కి పదిహేడేళ్లు. మోటార్‌సైకిల్ రేసుల జట్టొకటి వాణ్ణి జీతానికి తీసుకుంది. కిందటి రేసు మద్రాసులో. తోడుగా మా కోటేశ్వరరావన్నయ్య వెళ్లాడు. అక్కడ వాన. ఫోన్ చేస్తే, "అంతా పోయిందమ్మాయ్" అన్నాడు. ఫోన్ ఆగిపోయింది. రెండు గంటల తర్వాత ప్రవీణ్ గొంతు వినేదాకా నేను మనిషిని కాను. ఏం జరిగిందిరా అంటే మామయ్యనడుగు అన్నాడు వాడు. అంతే.

ఇది జరిగి పన్నెండు రోజులు. వచ్చే రేసు కాగితం మీద నా సంతకం కావాలి. అది టీపొడి డబ్బా కింద ఉంది. వానలో వాడు పడ్డాడేమోనని నా అనుమానం. తెలిసేదాకా సంతకం పెట్టదలచుకోలేదు; అన్నయ్యనడిగితే రోజుకో కథ.

ఇవాళ తుంపర పడుతుంటే ప్రవీణ్ వచ్చి, వాళ్ల మామయ్య సంచిలోని నీలం ప్లాస్టిక్ పట్టా తీసి కొట్టు ముందు కట్టి పోయాడు. దాని కింద బల్ల మీద అన్నయ్య. ఎదురుగా మెకానిక్ యాకూబ్, పత్తి రైతు యల్లమంద.

"నేను గొప్పలు చెప్పేవాణ్ణి కాదు యాకూబూ, ఆ రోజు నేను చేసిందల్లా ఒక ప్లగ్గు బిగించడం, కాకపోతే పానా లేకుండా వేళ్లతో బిగించా, ఇంతలో వాన, ఒక్కో చినుకు కొబ్బరికాయంత, అందరూ నున్నటి టైర్లు పీకి గాట్లున్న వాన టైర్లు ఎక్కించుకుంటన్నారు, నేనేమో కొడవలి తీసి మా టైర్లకి నిలబడ్డ చోటే గాట్లు పెట్టా. ఆ తర్వాత ఏం చేశానో తెలుసా?"

యాకూబ్ టీ ఊదుకుంటూ చెప్పమన్నాడు.

"ముందు నువ్వు తిప్పి చూపించు మామయ్యా అన్నాడు పిల్లాడు. సరే, వాడి ముచ్చట. లుంగీ ఎగ్గట్టి ఎక్కా. మొదటి మలుపులో ఎంత వంచానంటే మోకాలు కాదు, చెవి ఆనింది రోడ్డుకి. రెండో రౌండుకి వాన నన్ను అందుకోలా, నా మీద పడాల్సిన చినుకు నేను పోయాక పడతా ఉంది. మూడో రౌండులో అందర్నీ దాటా, నాలుగులో మళ్లీ వాళ్లనే దాటా, ఐదులో ముందు ఒకడు కనపడ్డాడు, వీపు ఎక్కడో చూసినట్టుంది, దగ్గరికి పోయి చూద్దును గదా, నేనే."

"నిన్ను నువ్వే దాటావా మామా?" అన్నాడు యల్లమంద.

"దాటలా. పెద్దమనిషి గదా అని పోనిచ్చా. అసలు సంగతి విను. ఆ ఊపుకి మబ్బు నా సైలెన్సర్‌కి చిక్కుకుంది. బ్రేకేస్తే పిగిలిపోద్దని ఆపలా. నెల్లూరు దాటి, ఒంగోలు దాటి, ఎత్తిపోతల దగ్గర బండి తిప్పితే ఆ గాలికి జలపాతం కాసేపు పైకెక్కింది."

"అయితే ఆ సాయంత్రం మా పత్తి తడిసింది నీ మబ్బుకేనా?"

"దానికే. తిట్టుకోమాక, మబ్బు చిక్కు ఊడింది."

అప్పుడే అన్నయ్య గ్లాసులో ఒక చుక్క పడింది. జరిగాడు. ఇంకోటి నెత్తిన పడింది. అందరం పైకి చూశాం. పట్టాకి గుండ్రటి చిల్లు, అంచులు కాలి గట్టిపడి ఉన్నాయి.

యాకూబ్ లేచి తడిమి చూశాడు. "ఇది సైలెన్సర్ మూతి కొలత మామా."

అన్నయ్య ఖాళీ గ్లాసు తాగుతున్నాడు.

"అన్నయ్యా, వాన రాగానే నువ్వేం చేశావు?" అన్నాను.

గ్లాసు కింద పెట్టి చెప్పాడు. ముప్పయ్యేళ్లుగా మబ్బు పడితే కల్లంలో మిరపకాయల మీద పట్టా కప్పిన చేతులాయనవి. ఎక్కడికెళ్లినా సంచిలో పట్టా ఉంటుంది. జట్టువాళ్లు వాన టైర్లు ఎక్కించి, ఇంజను వేడి చేసి అటు తిరిగారు. ఈయన పరిగెత్తి బండి మీద కప్పేశాడు. నాలుగు మూలలా రాళ్లు కూడా పెట్టాడు. పట్టా కరిగి సైలెన్సర్‌కీ చైనుకీ అంటుకుంది. వాళ్లు గీకి తీసేలోపు రేసు అయిపోయింది.

"మరి ప్రవీణ్?"

"పిల్లాడు బండి ఎక్కనే లేదమ్మాయ్. నా పరువు పోద్దని నీకు చెప్పలా."

పడలేదు. తడవను కూడా లేదు.

డబ్బా కింద కాగితం తీసి సంతకం పెట్టాను. ఈసారి తోడు నేను వెళ్తానన్నాను.

అన్నయ్య తలూపాడు. కాసేపు పైకి చూశాడు.

"పట్టా తీసుకుపో అమ్మాయ్. అక్కడ వానలెక్కువ."