ఏడో బెర్తు దాకా నడక

ముప్పైమూడేళ్ల కిందట, జూలై పదకొండో తేదీ ఉదయం, ఈ వీడ్కోలు సంచిక ఎవరి కోసమో ఆ సారు మా ఓడరేవు విద్యుత్ విభాగంలో సహాయకునిగా చేరారు. ఈ నెలాఖరున ఛార్జింగ్ విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు. రేవు బడిలో ఉపాధ్యాయినిని గనుక నేనూ సహోద్యోగినే. ఆ చనువుతో ఈ నాలుగు మాటలు.

వారు చేరిన మూడో ఏట, ఎవరో చెప్పకుండా ఒక ఓడకు కరెంటు ఆపారు. చీకటైన ఇంజను గదిలో మెట్లు దిగుతున్న కార్మికుడు జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. అతణ్ణి మోసుకొచ్చినవారిలో వీరొకరు. ఓడ మనిషికి ఎదురుగా చెప్పనిదే కరెంటు ఆపకూడదన్న వారి నియమం ఆనాటిది.

తొమ్మిదేళ్ల కిందట బ్యాటరీ ఓడలు వచ్చాయి. రేవుకు వచ్చే కరెంటు మాత్రం పెరగలేదు. ఒకేసారి రెండు ఓడలకు మించి ఛార్జింగ్ పెడితే రేవంతా ఆగిపోతుంది. ఎవరి వంతు ఎప్పుడో నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసి, ఎవరి వంతు తగ్గించవలసి వచ్చినా తామే నడిచివెళ్లి చెప్పి, పడవలసిన మాటలు పడి, తిరిగివచ్చి మళ్లీ బల్ల ముందు నిలబడేవారు. అలా రేవంతటికీ ‘వంతుల సారు’ అయ్యారు.

“ఫోనుండగా ఈ చెప్పులరగదీసుకోవడం ఎందుకు సారూ?” అని ఒక కెప్టెన్ ఎగతాళి చేస్తే, “ఫోన్లో అయితే మీ తిట్లు సగమే వినబడతాయండీ” అన్నారట.

ఒక ఎండాకాలం మా తరగతి గుమ్మంలోకీ వచ్చారు.

“టీచరమ్మా, ఒక గంట ఫ్యాన్లు ఆపుకుంటారా? దీవికి జనాన్ని దాటించే ఫెర్రీకి కరెంటు చాలడం లేదు.”

“లెక్కల పరీక్ష కూడా ఆపించండి సారూ” అంది వెనకబెంచీ పిల్ల.

“అందులో నేను వేలు పెట్టను తల్లీ. మీ టీచరమ్మకు నాకన్నా కోపం ఎక్కువ.”

నిరుడు ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం, దీవిలో నీటి పంపులు బాగుచేస్తున్న మావారికి గుండెనొప్పి వచ్చింది. తీసుకురావలసిన ఫెర్రీ ఇవతలి ఒడ్డున, దాదాపు ఖాళీ బ్యాటరీతో వంతు కోసం ఆగి ఉంది. వేరే పడవ లేదు. రెండు సరుకు ఓడలు ఛార్జింగ్‌లో ఉన్నాయి. కబురు అందగానే సారు, వాటిలో ఒకటి కట్టి ఉన్న ఓడగట్టుకు, ఏడో బెర్తుకు బయలుదేరారు. కెప్టెన్‌ను వెతికి, చెప్పి, ఆపించేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. అప్పుడు ఛార్జింగ్ ఎక్కించుకుని ఫెర్రీ వెళ్లింది, తిరిగి వచ్చింది. మావారు ఆసుపత్రి గేటు దాకా ప్రాణంతో ఉన్నారు. ఆ ఇరవై నిమిషాలు ముందే వచ్చి ఉంటే ఏమయ్యేదో చెప్పలేమన్నారు డాక్టరు.

వారం తరవాత సారు మా ఇంటికి వచ్చి, కుర్చీ అంచున కూర్చున్నారు.

“గదిలోనే స్విచ్చు నొక్కితే సరిపోయేదమ్మా. నేను నడిచాను.”

ఇచ్చిన మంచినీళ్లు ముట్టలేదు. నేను గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయాను. మర్నాడు నల్లబల్ల పైభాగాన వారి చేతిరాత కనబడింది: ‘ప్రాణం మీదికొస్తే ముందు ఆపు, తరవాత నడువు.’ ఇప్పుడది రేవు నియమం.

ఈ సంచికలో తన గురించి ఏమీ రాయవద్దని వారు కోరారట. అది తెలిసి, నేనే సంపాదకులను అడిగి రాస్తున్నాను.

సారూ, ఆనాడు మా ఇంట్లో ఇవ్వని జవాబు ఇది. మీరు చెప్పకుండా ఆపని మనిషి కనుకనే ఇన్నేళ్లూ ఈ రేవులో మరో చెయ్యి విరగలేదు. ఆ రోజు నడిచినవీ ఆ కాళ్లే. ఆ ఇరవై నిమిషాలను కొన్ని నెలలు మీ మీద మోపాను, అలసిపోయాను. ఇప్పుడు మోపడం లేదు. మీరూ దించేయండి.

మీకు నిండు ఆరోగ్యం, దీర్ఘాయువు, కంటినిండా నిద్ర కలగాలి. మోకాళ్లు సహకరించినంత కాలం నడవండి. ఒకసారి మా ఇంటి దాకా కూడా. ఈసారి మంచినీళ్లు తాగి వెళ్లండి.