తుపాకీ మీద చక్రం ముద్ర

ఆ భూతద్దం ఇలా ఇయ్యి. నీ కళ్ళ మీద నమ్మకం లేక కాదురా మనవడా, నా చెవుల మీద నమ్మకం లేక. మళ్ళీ చెప్పు, గొట్టం మొదట్లో ఏ ముద్ర ఉందన్నావ్? చక్రమా? చక్రం ఎలా ఉంటుందిరా! మా అన్నయ్యది, అదే మీ తాతది, సింహం ముద్ర. యుద్ధం నుంచి వచ్చాక వాకిట్లో కూర్చుని ఎంతమందికి చెప్పాడో. “మాది సింహం కార్ఖానా సరుకు. ఆ దర్జీ వాడిది చక్రం కార్ఖానాది, నాలుగు తూటాలకే మొరాయిస్తుంది” అని. దర్జీ అంటే పటాలంలో అన్నయ్య పక్క మంచం వాడు. అందరి గుండీలూ వాడే కుట్టేవాడట. వాడు దారం పళ్ళతో ఎలా తెంపేవాడో అన్నయ్య చేసి చూపిస్తుంటే మా వదిన పడీ పడీ నవ్వేది. పాపం, ఆ దర్జీ తిరిగి రాలేదు. ఎలా పోయాడన్నయ్యా అంటే, “పోయాడు, అంతే” అనేవాడు. ఇంతకీ ఏం చెబుతున్నాను? ఆఁ, ముద్ర. అది సరే, బోల్టు చూడు.

ఈ వెనక్కి లాగే బోల్టు మీది నెంబరు మాత్రం అన్నయ్యదే. వినీ వినీ నాకూ కంఠతా వచ్చేసింది. గొట్టం మీద వేరే నెంబరా? సరిగ్గా చూడు. బోల్టూ గొట్టమూ మొగుడూ పెళ్ళాల్లాంటివి, రెంటికీ ఒకటే నెంబరు, మారిస్తే పై అధికారి తాట తీస్తాడని ఆయనే అనేవాడు కదా! అంటే తుపాకీ దర్జీది, బోల్టు మావాడిది. వాడిది మొరాయిస్తే మనవాడు తన బోల్టు ఊడదీసి ఇచ్చాడా? ఇస్తే మరి తను దేంతో కాల్చాడు? లేకపోతే, తనది పాడైపోతే వాడి చేతిలోది లాక్కుని... ఛ, ఛ, నా నోట్లో మన్ను పడ! మా అన్నయ్య అలాంటివాడు కాదు. కాదు కదరా? చదువుకున్నవాడివి, నువ్వు చెప్పు. ముద్రలు కార్ఖానా పేరే చెబుతాయా? అంతకు మించి ఏం చెప్పవా? మరెందుకురా అవి!

రేపు మ్యూజియం వాళ్ళు వచ్చి దీని పక్కన అట్ట మీద పేరు రాస్తారంటున్నావు. “చిన్నతాతా, నువ్వు ఊఁ అంటే తాత పేరు రాయిస్తా” అంటున్నావు. నేనేమని ఊఁ అనను?

మీ తాత దీన్ని ఒళ్ళో పెట్టుకుని, నూనెగుడ్డతో తుడుస్తూ, “అయిపోయిందిరా, కాస్త ఓర్చుకో” అనేవాడు. తుపాకీతో మాట్లాడుతున్నాడనుకుని నవ్వేవాణ్ణి.

ఆ కిటికీ వెయ్యి, గాలి కొడుతోంది.