త్రినాథరావు పెట్రోలు పైపు

ఈ మాట ఇంతవరకూ పైకి అనలేదు ప్రణతీ, మా త్రినాథరావు అన్నయ్య పడవ నేను ఒక్కసారి కూడా ఎక్కలేదు. సినిమా వాళ్ళకి అద్దెకిచ్చే మోటారు పడవ, బోర్డు మీద నా పేరే, ఫోన్లన్నీ నాకే, అయినా ఒడ్డు మీద నుంచే చూశాను. నీళ్ళంటే భయం. అన్నయ్యకి తెలుసేమో, ఎందుకెక్కవని తను అడగలేదు. రేపు ఆ పడవ మీదే కాగడాల షాటని నువ్వు చెప్పినప్పట్నుంచీ నా మనసు దాని పెట్రోలు పైపు మీదే ఉంది. కాఫీ చల్లారుతోంది, తాగు.

త్రినాథరావు గారెలా ఉండేవారంటావా? పొట్టిగా ఉండేవాడు. కాకినాడ నుంచి వచ్చేనాటికి ఈ ఫిల్మ్‌నగర్ అంతా రాళ్ళే. పడవ నడిపే సరంగు వేషం ఇస్తామన్నారని సొంత పడవ కూడా తెచ్చుకున్నాడు, వేషం పోయింది, పడవ మిగిలింది. ఎవరితోనూ తగువు పడేవాడు కాదు, ఆ పైపు దగ్గర తప్ప. అదే, ట్యాంకు నుంచి ఇంజనుకి వెళ్ళే రబ్బరు పైపు, మధ్యలో పిసికే బుడ్డ ఒకటుంటుంది. ప్యాకప్ అనగానే అందరూ టిఫిన్ల దగ్గరికి పరిగెడితే, అన్నయ్య పైపు ఊడదీసి, ఇంజను లోపలున్న చుక్క కూడా తాగేసి దానంతటది ఆగేదాకా పడవలోనే కూర్చునేవాడు. 'మిగిలితే జిగురైపోతుందే, రేపు మొరాయిస్తుంది' అనేవాడు. తర్వాత పైపంతా వేళ్ళతో నిమురుకుంటూ వచ్చేవాడు. జిగటగా తగిలినా, వంచితే పగులు కనిపించినా తీసి పారేయడమే. టేపు చుట్టడాలు లేవు. మా వదిన 'నా చెయ్యెప్పుడైనా అంత శ్రద్ధగా పట్టుకున్నారా' అని దెప్పేది.

ఒకసారేమైందంటే, జగదీశ్ అని అసిస్టెంటు డైరెక్టరు, ఇప్పుడు మోతీనగర్‌లో ఉంటున్నాడులే, హీరోయిన్ గారు పెట్రోలు వాసనొస్తోందంటే ట్యాంకు మూత మీద గాలి పోయే మర బిగించేసి, ఫ్రేములో పడకుండా పైన జరీ శాలువా కప్పేశాడు. పడవ చెరువు మధ్యకి పోయి ఆగింది. ఒడ్డు మీద నుంచి డైరెక్టరు మైకులో, 'త్రినాథరావూ, నీ పడవ ముసలిదైపోయిందయ్యా' అని. అన్నయ్య తాపీగా శాలువా తీసి మర వదులు చేస్తే ట్యాంకు ఉస్సుమందిట. లోపలికి గాలి పోకపోతే పెట్రోలెలా వస్తుంది మరి? 'ఆవిడకే కాదు బాబూ, దీనికీ గాలాడాలి' అన్నాట్ట. జగదీశ్ ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతాడు.

పోయి చాలా ఏళ్ళయింది. నీళ్ళలో కాదు, కామెర్లు. ఇప్పుడు పడవ కొడుకు సుహాస్ చూసుకుంటున్నాడు. పోయిన తద్దినం నాడు పైపు మార్చరా అంటే, అందరి ముందూ 'నువ్వెప్పుడైనా ఆ పడవ ఎక్కావా అత్తా' అన్నాడు. వాడికి తెలిసి అనలేదు, ఊరికే నోటికొచ్చింది. అందరూ నవ్వారు. అప్పట్నుంచి మాటల్లేవు.

నిన్న ట్యాంకూ పైపూ వరండాలో పెట్టి వెళ్ళాడు. ఎవరూ చూడకుండా నిమిరాను. బుడ్డ పక్కన మెత్తబడిపోయింది, వేళ్ళకి నల్లగా అంటుకుంది. ఇప్పటి పెట్రోల్లో ఏదో స్పిరిట్టు కలుపుతున్నారట కదా, పాత రబ్బరుని లోపల్నుంచి తినేస్తుందిట. పొద్దున్న వచ్చి పట్టుకుపోయాడు. వాడు పలకరించలేదు, నేను పేపర్లోంచి తలెత్తలేదు.

కాగడాలంటే లైట్లా, నిజం మంటలా? ... ఊఁ, నిజం మంటలే. వాటి పక్కన ఆ పైపు చిరిగి పెట్రోలు కారిందంటే? పడవలో ఎంతమందుంటారు? ... సుహాసే నడుపుతాడా?

నువ్వు చెబితే వినడు, బట్టల డిపార్ట్‌మెంటు దానివి, ఇంజను సంగతి నీకెందుకంటాడు. నేనే చేసి, 'ఎక్కలేదురా, ఎప్పుడూ ఎక్కలేదు, అయినా ఆ పైపు మార్చాకే నీళ్ళలోకి దిగు' అంటాను. నవ్వితే నవ్వనీ.

ఆ ఫోనిలా ఇవ్వు. నీది కాదు, నాది. చేస్తున్నదెవరో వాడికి కనబడాలి.