ఆదెమ్మ మోసిన మట్టి

ఆదెమ్మ మొదటి తట్ట మట్టి నెత్తికెత్తుకున్నది 1931 జూన్ 9, మంగళవారం నాడు. మృగశిర వచ్చి రెండు రోజులైనా చినుకు లేదు, పడమటి గాలికి దుమ్ము లేచి ఎదురింటి మనిషి కూడా కనపడలేదంట. ఇంత కచ్చితంగా ఎట్లా తెలుసంటారా, ఆ ఊరి కరణం తన పంచాంగంలో ఆ తేదీ పక్కనే 'పేరయ్య కూతురికి మతి చలించినది' అని రాసిపెట్టుకున్నాడు. వానలూ చావులూ పిచ్చులూ అన్నీ అందులోనే రాసుకునే అలవాటు ఆయనది. సరే, ఆయన సంగతి వదిలేయండి. ఏమైందంటే, ఆదెమ్మ ఇరవై ఏళ్ళకే మొగుడు పోయి పుట్టింటికి చేరింది. తమ్ముడు మాలకొండయ్య పెళ్ళాం అన్నం పెట్టేదే గానీ, పెట్టినప్పుడల్లా గరిటె చప్పుడు చేసేదంట. ఆ చప్పుడు ఈమెకి ముద్ద ముద్దకీ వినపడేదనుకోండి. ఒకనాడు తండ్రి దగ్గరికి పోయి, నాకంటూ ఒక పొయ్యి పెట్టుకుంటాను, వాగు పక్కన ఆ పది సెంట్ల చౌడు నాకియ్యి నాన్నా అని అడిగింది. అందులో గడ్డి కూడా మొలవదు, తెల్లగా ఉప్పు తేలి ఉంటుంది. పేరయ్య నవ్వి, కళ్ళంలో నలుగురి ముందూ, "దాంట్లో గింజ పండించు, అది నీదే" అన్నాడంట.

ఇక చూడండి. రోజూ వాగుకి బట్టలు ఉతకను పోతుంది గదా, వచ్చేటప్పుడు ఒక తట్ట ఒండ్రు మట్టి. ఒకటే. రెండు మోస్తే మర్నాడు ఒళ్ళు నొచ్చి మానేస్తానేమోనని భయమంట. జ్వరమొచ్చినా ఒక తట్ట. తండ్రి పోయిన రోజు స్నానానికి వాగుకి వెళ్ళి, తడి బట్టతోనే ఒక తట్ట. ఏందే ఆదెమ్మా, కొండ కడుతున్నావా అనేవాళ్ళు ఊళ్ళోవాళ్ళు. తట్ట సర్దుకుని నడిచేది. అట్లా పందొమ్మిదేళ్ళు. జానెడు మందాన నల్లమట్టి పరుచుకుంది. జొన్న చల్లితే మనిషెత్తు లేచింది, బస్తా గింజలయ్యాయి. ఆ గింజలతో సొంత పొయ్యి మీద సంగటి కెలుక్కుంది, ఒక్క పూట. మర్నాడు పొద్దున్నే మాలకొండయ్య అరక కట్టుకొచ్చి, నాన్న మాటకి కాగితమేదక్కా అన్నాడు. కళ్ళంలో ఆ మాట విన్న నలుగురిలో ముగ్గురు పోయారు, నాలుగో ఆయనకి గుర్తులేదంట. భూమి మగపిల్లాడిదే అన్నారు పెద్దలు. ఆదెమ్మ ఏడవలేదు. "నేల వాడిది. మోసిన మట్టి నాది. తెచ్చినట్టే తీసుకుపోతాను, రోజుకో తట్ట. ఈసారి కాగితం రాయండి" అంది. అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది మాలకొండయ్యే, నవ్వుతూనే వేలిముద్ర వేశాడు. నెల్లాళ్ళు మోస్తుంది, నడుం పడిపోతుంది అనుకున్నారు. పందొమ్మిదేళ్ళు చూసినవాళ్ళు అట్లా ఎట్లా అనుకున్నారో మరి.

రోజూ ఒక తట్ట తవ్వి, తీసుకుపోయి వాగులో పోసేది. అయిదారేళ్ళకి జొన్న మోకాలెత్తుకి దిగింది. పదేళ్ళకి అక్కడక్కడా తెల్లగా ఉప్పు తేలింది. పదిహేనో ఏట మాలకొండయ్య, అప్పటికి ఆయనా ముసలాడే అనుకోండి, చేలోకి వచ్చి, "అక్కా, చేను నీ పేరనే రాయిస్తా. ఆపవే" అన్నాడు. ఆదెమ్మ తట్ట దించి, ఆ మట్టి వంక చూసింది. ఆ ఒక్క పూట సంగటి గుర్తొచ్చి ఉంటుంది. "ఆపుదామనే పొద్దున లేస్తున్నా తమ్ముడూ. కాళ్ళు వినట్లేదు" అని, తట్ట నెత్తికెత్తమని తమ్ముణ్ణే సాయమడిగింది. ఎత్తాడంట.

మూల నాలుగు తట్టల మట్టి మిగిలుండగా పోయింది ఆదెమ్మ. రోజూ ఒక పని పట్టు విడవకుండా చేస్తే ఏదైనా అవుతుందని పిల్లలకి చెబుతాం గదా, అవుతుంది, నేను కాదనను. పది సెంట్ల చౌడు మాలకొండయ్యకి, ఆయన తర్వాత కొడుక్కి. కాగితం చెదలకి. తట్ట మరదలు పేడ ఎత్తుకోను తీసుకుంది. మట్టంతా వాగు పట్టుకుపోయి దిగువ ఊరి చేలల్లో పరిచింది, అక్కడ జొన్న బాగా పండుతుందంట, వాళ్ళకి ఆదెమ్మ అనే మనిషుందనే తెలీదు. మిగిలిన ఆ మూల ఏటా నాలుగు కంకులేస్తాయి, అవి పిట్టలకి. ఆదెమ్మకే, ఏమీ రాలేదు.