ఇసకలో ఐర్లాండు పిలగాడు

"పెదనాయనా, ఈ పాత ఫోటోలో బిర్యానీ పళ్ళెం ముందర కూచ్చున్న తెల్లోడెవురు?"

వాడా... షాన్ అని, ఐర్లాండులో పుట్టినోడు. నేను కారు తోలే ఇంటి సారు కొడుకు. అప్పుడు ఈడనే కువైట్లో కాలేజీ చదువుతాన్నాడు. ఆ కాలేజీ పుట్‌బాలు జట్టుకు వాడే మొనగాడు. రోజూ నేనే దింపేది. గేటుకాడ పిల్లోళ్ళంతా షాన్ షాన్ అని మూగేటోళ్ళు. స్టీరింగు పట్టుకోని కూచ్చున్న నన్నెవురు సూచ్చారు చెప్పు.

శుక్రవారం సెలవొచ్చిందంటే మాత్రం నేనే రాజు. ఇదో, ఈ మహబూలాలో పెద్ద బిల్డింగులు లేచిండాయే, ఆడంతా ఇసకే అప్పుడు. మన రాయచోటోళ్ళు అప్పుడప్పుడే పుట్‌బాలు నేర్సుకుంటాండారు. బూట్లు యాడివి, వట్టికాళ్ళే. ఆట అయినాక అందురం ఒగే పళ్ళెంలో తినేది. ఎక్కువ గోలు కొట్టినోడు ముక్కల పక్కన కూచ్చోని, తుంచి అందురికీ ఎయ్యాల. అదీ మా కట్టుబాటు. ఆ జాగా ఎప్పుడూ నాదే. కోడి బిర్యానీ... కాదు కాదు, పొట్టేలే, అప్పుడు సౌకగా దొరికేది. మీ పెద్దమ్మ తమ్ముడు వండేటోడు, మంచి చెయ్యి వానిది.

నేనూ వస్తానని షాన్ ఒగటే పోరు. సరే, అరబ్బోళ్ళ మాదిరి యల్లా, రా అన్నా. ఎందుకో తెల్సా? గడ్డి మింద మొనగాడు ఇసకలో కూరకపోయి నవ్వులపాలు కావాలని. కొరివితో తల గోక్కున్నట్టయింది నాయనా.

రోంత సేపు పడ్నాడులే. మనోళ్ళు నవ్వినారు, నా కడుపు సల్లగయింది. అంతలోకే వాడు బూట్లిప్పి పారేసినాడు. నా కాళ్ళ వంకే సూసి, నేనెట్ల అడుగేస్తానో అట్లే ఏసినాడు. నా ఆటే నా మింద ఆడినాడు సూడు. గోలు మింద గోలు.

పళ్ళెం వచ్చింది. నా వాళ్ళే వాన్ని చెయ్యి పట్టుకోని నా జాగాలో కూచ్చోబెట్టినారు. ఈ ఫోటో అప్పుడు తీసిందే. వాడేం జేసినాడు, అన్నిటికన్నా పెద్ద ముక్క తుంచి ముందుగాల నాకేసినాడు.

"ఇసకలో ఆట నాకు రెడ్డప్ప కాళ్ళే నేర్పించినాయి" అని నా పేరు పెట్టి అందురికీ చెప్పినాడు.

చెడ్డోడైనా బాగుండు, తిట్టుకోనుందు. మంచోడు గాబట్టే ఇంగా ఎక్కువ మండింది. చదువయినాక వాడు వాళ్ళ దేశం పాయ. జాగా మళ్ళీ నాకే వచ్చింది గానీ, ఏమో అప్పా, బిర్యానీకి మునుపటి రుచి రాలా.

ఇప్పుటికీ ఈ ఫోటో సూస్తే మండుతాది. మరి గోడకెందుకు పెట్టుకున్నావంటావా? నేనూ ఉండా గదా దాంట్లో, ఆ మూల.

సరే, రేపు దజీజ్‌లో మీ పుట్‌బాలు ఆట ఉందంటివే. పో నాయనా, సల్లగుండు. నీ ముక్క ఇంగొకడు తుంచిపెట్టే గతి నీకు రాకూడదు.