ఎముక పిడి కత్తి

పాత రికార్డుల ఆఫీసు. కౌంటరుకి అవతల గుమాస్తా, ఇవతల ఒక మేనల్లుడు, పక్కనే స్టూలు మీద అతని మేనత్త.

"చచ్చిపోయిన రెండేళ్ళకి మా నాన్నని కందా అండీ మా నాయనమ్మ?"

"రికార్డు ప్రకారం అంతే సార్."

"రికార్డు ప్రకారం! గుమాస్తాగారూ, చచ్చినావిడ పిల్లల్ని కంటుందా ఎక్కడైనా?"

"అది నేను చెప్పలేను సార్. మా దగ్గర చావులది ఒక పుస్తకం, పుట్టుకలది ఒక పుస్తకం. ఒకదాని గోల ఇంకోదానికి పట్టదు."

"అత్తయ్యా, విన్నావా ఈయన మాటలు?"

"విన్నాన్రా. ఇంటికి పోదాం పద. మోకాలు పీకేస్తోంది."

"ఇంటికేమిటి? నీ సంతకం కోసమేగా కారులో కూర్చోబెట్టి తీసుకొచ్చింది!"

"కళ్ళజోడు మర్చిపోయాన్రా."

"నీ మెడలోనే వేలాడుతోంది."

"ఇదా? ఇది దూరానివి చూసేదిలే."

"అత్తయ్యా!"

"అమ్మగారికి మంచినీళ్ళు తెమ్మంటారా?"

"తే బాబూ. నిదానంగా తే, తొందరేం లేదు."

"నీళ్ళూ వద్దు, ఏమీ వద్దు. గుమాస్తాగారూ, మళ్ళీ మొదట్నుంచీ చెప్తాను, వినండి. వచ్చేవారం తోటరైతుల సంఘంవాళ్ళు మా తోటకి ఫలకం ఇస్తున్నారు. నాలుగు తరాలుగా ఒకే రక్తం చేతిలో ఉన్న తోటకే ఇస్తారది. ఈ చుట్టుపక్కల ఇంకెవడికీ రాలేదు. మా ముత్తాత బంజరు కొట్టి నాటాడు. ఆయనకి ఒక్కగానొక్క కూతురు మా నాయనమ్మ. ఆవిడ తర్వాత మా నాన్న, నాన్న తర్వాత నేను."

"మరి మీ తాతగారు?"

"ఆయన ఇల్లరికం వచ్చాడు లెండి. పెద్దగా లెక్కలోకి రాడు."

"మా నాన్నని పట్టుకుని లెక్కలోకి రాడంటావేమిట్రా?"

"రక్తం లెక్కలో అంటున్నా అత్తయ్యా. తోట నాయనమ్మది కదా! చూడండి గుమాస్తాగారూ, ఊరంతా ఆవిణ్ణి తోటమ్మా, తోటమ్మా అని పిలిచేవాళ్ళు. ఆవిడ అంటు కడితే ఎండుపుల్ల కూడా చిగురేసేది. నాకు పదేళ్ళొచ్చేదాకా బతికిందండీ. ఆవిడ వీపు మీదెక్కి ఆడుకున్నవాణ్ణి నేను. అలాంటి మనిషిని మీవాళ్ళు పాతికేళ్ళు నిండకుండానే చంపేశారు!"

"మావాళ్ళు చంపలేదు సార్, రాసుకున్నారు. టౌను ఆసుపత్రి నుంచి వచ్చింది కబురు. విషజ్వరం అని ఉంది. భర్త పేరు, తోట పేరు అన్నీ సరిపోయాయి."

"ఇంకెవరిదో చావు తెచ్చి ఈవిడ నెత్తిన వేసుంటారు. భోజనాలయ్యాక కునుకు తీస్తూ రాస్తే ఇంతే."

"వేసుండొచ్చు సార్. అందుకే, చూసినవాళ్ళు ఎవరైనా 'ఈ చావు జరగలేదు' అని సంతకం పెడితే కొట్టేస్తాం. మీరు అప్పటికి పుట్టలేదు. కూతురుగారే పెట్టాలి."

"అదీ. ఇంతే అత్తయ్యా. ఒక్క సంతకం."

"జరగలేదని పెట్టాలా?"

"జరగలేదుగా మరి!"

"ఆ నీళ్ళేవో తెప్పించరా ముందు."

"ఎందుకింత బెట్టు చేస్తున్నావు? నీకు నేనేం తక్కువ చేశాను చెప్పు. ఏటా పళ్ళ బుట్ట పంపిస్తున్నానా లేదా? నాన్న పోయాక మానేశానా? నువ్వు అడిగావని పంపానా? ఇంటి ఆడపడుచు కదా అని, నా అంతట నేను పంపుతున్నాను."

"పంపుతున్నావు నాయనా, కాదన్లేదు. పోయినేడు సగం పుచ్చులే అనుకో."

"అది దారిలో నలిగి..."

"అవున్లే. దారిలోనే."

"సరే. గుమాస్తాగారూ, మా అత్తయ్య తేల్చేలా లేదు. ఆ ఏడాది మా తోట కాగితాలు ఏమున్నా తీయండి. ఆ తేదీ తర్వాత నాయనమ్మ బతికుందని ఒక్క ముక్క దొరికితే చాలు."

"తీశాను సార్, ఇదే కట్ట. ముడి మాత్రం రావట్లేదు. బిగుసుకుపోయింది."

"ఉండండి. ఇదిగో, దీంతో కోయండి. జాగ్రత్త, మా నాయనమ్మ అంటు కత్తి అది. ఇప్పటికీ గడ్డం గీసుకోవచ్చు."

"పిడి ఎముకదా సార్? చివర విరిగిందే."

"ఎప్పట్నుంచో అంతే. పోయేముందు నా చేతిలో పెట్టింది. సంఘం హాల్లో ఫలకం పక్కనే అద్దాల పెట్టెలో పెడతారు దాన్ని."

"ఆ కత్తి లోపల పెట్టరా."

"ఏం అత్తయ్యా?"

"పెట్టమన్నానా! ఆఫీసుల్లో కత్తులేమిటి? ఎవరైనా చూస్తే బావుండదు."

"ఇక్కడ చూసేదెవరు అమ్మగారూ, నేనూ ఎలకలూ తప్ప. ఆ, వచ్చింది ముడి. ఇది బావి తవ్వుకోడానికి అర్జీ. ఇది పన్ను రసీదు. ఇది... పోలీసు ఫిర్యాదు నకలు. మీ తాతగారు ఇచ్చిందే సార్. ఆ నెల్లోనే."

"చదవండి, చదవండి."

"'మా తోటలో పనికుండే ఆడమనిషి నిన్న రాత్రి చెప్పాపెట్టకుండా మా సొత్తుతో పారిపోయినది. వెదికించనక్కర లేదు. తెలియజేయుటకు మాత్రమే రాస్తున్నాను.'"

"వెదికించనక్కర్లేదా? దొంగ పారిపోతే వెతకొద్దంటాడా ఎవడైనా? చూశారా, అందుకే ఆయన లెక్కలోకి రాడన్నాను. బాగుంది, ఇది మా వంశచరిత్రలో వేసుకోవచ్చు. 'యజమానురాలు జ్వరంతో మంచాన పడి ఉంటే, తిన్నింటి వాసాలు లెక్కపెట్టే ఒక దొంగపీనుగ...'"

"నోర్ముయ్!"

"అత్తయ్యా?"

"ఇంకోసారి దొంగ అన్నావంటే పళ్ళు రాలగొడతాను."

"నిన్నా నేనన్నది? ఎవరో కూలిదాన్ని అంటే నీకెందుకింత రోషం?"

"ఏం పోయిందో కూడా రాశారు సార్."

"ఏమిటి, నగలా?"

"కాదు సార్, ఒకటే వస్తువు. 'అంటు కట్టే కత్తి ఒకటి. ఎముక పిడి. పిడి చివర విరిగినది.'"

"ఏదీ, ఇటివ్వండి."

"ఇదిగోండి. ఇంకా, మీ కత్తి కూడా తీసుకోండి సార్."

"'పిడి చివర విరిగినది.' అంటే... తర్వాత దొరికిందన్నమాట. పోయిన సొత్తు మళ్ళీ దొరికింది. అంతేగా అత్తయ్యా?"

"అంతేరా. పద పోదాం."

"దొరికితే దొరికిందని ఇంకో కాగితం ఉండాలి సార్. లేదు మరి."

"నువ్వూరుకోవయ్యా గుమాస్తా!"

"అత్తయ్యా. ఇటు చూడు. నా మొహం చూసి చెప్పు."

"ఏం చెప్పన్రా? మా నాన్నకి అబద్ధమాడ్డం చేతకాదు. ఏం పోయిందో రాయండి అన్నారట స్టేషన్లో. తెల్లమొహం వేశాడు. పొద్దున బయల్దేరినప్పుడు ఆ పిల్ల చేతిలో ఏముందో అదే గుర్తొచ్చింది, అదే రాసి వచ్చేశాడు. బతికున్నన్నాళ్ళూ ఏడిపించేది ఆయన్ని. 'దొంగతనం అంటగట్టేవాడివి, ఓ గాజుల జతైనా అంటగట్టకూడదా' అని."

"ఎవరు ఏడిపించేది?"

"ఇంకెవరు? తోటమ్మ."

"అంటే... ఆ పారిపోయిన మనిషి..."

"ఎక్కడికీ పారిపోలేదు. పనివాళ్ళ పాకలోంచి లేచి ఇంట్లోకి వచ్చింది. పనిపిల్ల ఏమైందని పైవాళ్ళెవరూ అడక్కుండా ఆ ఫిర్యాదు."

"మరి ఆసుపత్రిలో పోయింది?"

"మా అమ్మ. బండిలో ఇద్దరూ వెళ్ళారు, ఒక్కడే తిరిగొచ్చాడు. నేనప్పుడు ఇంతపిల్లని. అమ్మ పోయిందని పొక్కితే అమ్మ పెదనాన్న కొడుకులు తోటా లాక్కుంటారు, పెంచుకుంటామని నన్నూ పట్టుకుపోతారు. ఇల్లరికపుటల్లుడి మాట ఎవడు వింటాడ్రా? నువ్వే అన్నావుగా, లెక్కలోకి రాడని. ఆ పిల్లే అందట, 'పసిదాన్ని ఇయ్యొద్దు, నేనుంటాను' అని. ఆసుపత్రివాళ్ళు ఇక్కడికి రాసి పంపుతారని ఇద్దరికీ తెలీదు పాపం."

"ఊళ్ళోవాళ్ళు పోల్చుకోలేదా?"

"ఊరందరికీ తెలుసురా! ఆ పెదనాన్న కొడుకులంటే ఊరికి ఒళ్ళుమంట. వాళ్ళిటు వస్తే చాలు, తోటమ్మ సంతకెళ్ళిందనీ, తోటమ్మ పడుకుందనీ తలో మాటా చెప్పి వెనక్కి పంపేవాళ్ళు. పేరు పెట్టి పిలిస్తే నోరు జారుతుందనే తోటమ్మ అన్నారు. అదే ఖాయమైపోయింది. తెలియంది ఒక్క నీకే, రికార్డులు చదివేవాడికి."

"ఉండు, ఉండు. నన్నాలోచించుకోనీ. అయితే పోయింది అసలు నాయనమ్మే. మరి నష్టమేముంది? పెంచింది ఎవరైతేనేం, రక్తం రక్తమే. గుమాస్తాగారూ, ఆ చావు అలాగే ఉంచండి, కొట్టెయ్యక్కర్లేదు. కత్తి ఒక్కటి అద్దాల పెట్టెలో పెట్టనివ్వకపోతే సరిపోతుంది. హమ్మయ్య!"

"సార్, మరి మీ నాన్నగారు పుట్టింది..."

"చెప్పకయ్యా బాబూ. వాడికి తట్టలేదుగా, పోనీ."

"మా నాన్న పుట్టింది రెండేళ్ళ... అత్తయ్యా!"

"ఇందుకేరా సంతకం వద్దు, గింతకం వద్దు, ఇంటికి పోదామన్నది."

"చచ్చిపోయిన రెండేళ్ళకి..."

"చచ్చినావిడ కంటుందట్రా ఎక్కడైనా? మీ నాన్నని తోటమ్మే కంది. నాకు పెంచిన తల్లి. నీకు సొంత నాయనమ్మ. ఆ ముక్కు ఎప్పుడైనా అద్దంలో చూసుకున్నావా? అచ్చం ఆవిడదే."

"అయితే ముత్తాత రక్తం..."

"నా ఒక్కదాన్లోనే ఉంది. అదీ ఈ మోకాళ్ళలో గడ్డకట్టింది."

"మరి తోట?"

"తోటకేం, నిక్షేపంగా ఉంది. నా పెళ్ళప్పుడు ఆవిడే అన్నీ విప్పి చెప్పి ఈ కత్తి నా చేతిలో పెట్టింది. 'ఇది ఎవరి చేతిలో ఉంటే తోట వాళ్ళది. నీదే తల్లీ, ఉంచుకో, తమ్ముడికి నేను చెప్పుకుంటాను' అంది. ఏడ్చాన్రా. ఆ తమ్ముణ్ణి చంకన మోసి పెంచినదాన్ని, వాడి నోటి దగ్గరది లాక్కుంటానా? కత్తి తిరిగిచ్చేశాను. ఏటా ఓ బుట్ట పళ్ళు పంపండి, చాలు అన్నాను. అదీ నీ బుట్ట కథ. దానమనుకుంటున్నావు నువ్వు."

"గుమాస్తాగారూ, మీరివేమీ వినలేదు కదా?"

"ఈ కుర్చీలో కూర్చున్నాక కాగితం మాటే వినపడుతుంది సార్. మరి సంతకం సంగతి?"

"అత్తయ్యా... పిలుపులు వెళ్ళిపోయాయి. మంటపం కూడా చెప్పేశాం. పెట్టవూ? నీ కాళ్ళు పట్టుకుంటాను."

"కాళ్ళొదులు, మోకాలు నొప్పి. ఏదీ కాగితం? కళ్ళజోడు ఇదే సరిపోతుందిలే. ఏమని ఉందయ్యా ఇందులో?"

"'ఈ చావు జరగలేదు. మా అమ్మ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది' అని అమ్మగారూ."

"మొదటిది అబద్ధం. రెండోది మాత్రం నిజం. మా అమ్మ చాలా ఏళ్ళు బతికింది. జ్వరమొస్తే నా తల ఒళ్ళో పెట్టుకుని తెల్లార్లూ కూర్చునేది. ఆవిడ కోసం పెడుతున్నాను, నీ ఫలకం కోసం కాదు. ఇదిగో."

"అయిపోయింది సార్. ముద్ర కూడా వేసేశాను. ఇక మీది నాలుగు తరాలుగా ఒకే రక్తం."

"అత్తయ్యా, నీ మేలు మర్చిపోను. ఈ ఏడు ఒకటి కాదు, రెండు బుట్టలు పంపిస్తాను!"

"బుట్టలొద్దులే నాయనా. ఆ కత్తి ఇటివ్వు, ఈ ఏడు నేనే వచ్చి కోసుకుంటాను. నీకో బుట్ట పంపిస్తాలే."